పాత ప్యాకు బతికుండగా

బేబీ సిస్టర్ గారికి పాములన్నా, పోలీసులన్నా, పెద్ద డాక్టర్లన్నా భయం లేదు. ఈ లోకంలో ఆమె భయపడేది ఒక్కదానికే. ఫోనులో పాత ప్యాకు బతికుండగా ఎవరైనా పొరపాటున కొత్త ప్యాకు వేసేస్తారేమోనని.

బేబీ అన్నాను కదా అని చిన్నపిల్లను ఊహించుకోకండి. అరవై రెండేళ్ల మనిషి, దూలంలా ఉండేది. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఆరేళ్లు పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయింది. రిటైరయ్యాక కూడా తెల్లచీర వదల్లేదు, చేతి గడియారం వదల్లేదు, ఎదుటి మనిషిని పేషెంటులా చూడటం అసలే వదల్లేదు. శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్లే రోడ్డు మీద నా రీచార్జి షాపు. షాపు వెనక సందులో ఆమె ఇల్లు. నా కష్టాలన్నీ ఈ రెండు వాక్యాల్లోనే ఉన్నాయి.

నేను చెప్పేది 2013 నాటి సంగతి. అప్పట్లో ఒక్కో కంపెనీకి నలభై రకాల ప్యాకులుండేవి. నిమిషాల ప్యాకు, పైసల ప్యాకు, రేటు తగ్గించే ప్యాకు, పండగ ప్యాకు, పండగ అయిపోయాక ప్యాకు. అమ్మే నాకే సగం అర్థమయ్యేవి కావు. ఆమెకు మాత్రం అన్నీ కంఠతా వచ్చు.

మొదటిసారి షాపుకొచ్చిన రోజు నాకింకా గుర్తే.

"బాబూ, నీ పేరేటి?"

"దేవేంద్ర అండి."

"దేవేంద్రా, ఈ నలభై ఏడు రూపాయల పేకేజీ ఏస్తే నిమిషాలెన్నొస్తాయి?"

"మూడొందల యాభై సిస్టరమ్మా. ఏ కంపెనీకి చేసినా సరే. ఇరవై ఎనిమిది రోజులు."

"నెలంటే ముప్పై కదా. ఆ రెండ్రోజులూ ఎవలు తిన్నారు?"

నేను తిన్లేదని చెప్పాను. ఆమె నమ్మినట్టు కనిపించలేదు.

"సరే. నా పాతదాంట్లో ఇంకా పదమూడు నిమిషాలున్నాయి. ఇది ఏస్తే అవేటవుతాయి?"

"పోతాయేమో."

"ఏమో ఏటి? ఇంజక్షన్ ఇచ్చేసి, బతుకుతాడేమో అంటే ఊరుకుంటారా?"

వెంటనే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, నా బల్ల మీద పెట్టింది. పదకొండు నిమిషాలు సంగీతం విన్నాం. తర్వాత ఒక అమ్మాయి పలికింది. ఆ అమ్మాయి పేరు, ఊరు, పొద్దుటినుంచి ఎన్ని గంటలు కూర్చుందో, నీళ్లు తాగిందో లేదో, నడుంనొప్పి ఉందో లేదో కనుక్కున్నాక అసలు సంగతి అడిగింది. పదమూడు నిమిషాలూ పోతాయనే తేలింది.

"సూసేవా? నువ్వు ఏమో అన్నావు, ఆ పిల్ల పోతాయని సెప్పింది. పాతది రేపటికి సస్తాది. ఎల్లుండొచ్చి ఏయించుకుంటాను."

ఈలోగా ఆరుగురు బేరగాళ్లు వచ్చి, చూసి, వెళ్లిపోయారు. ఎల్లుండి పొద్దున్న ఎనిమిదింటికి షట్టరు ఎత్తుతుంటే ముందు చెప్పులు కనిపించాయి, తర్వాత తెల్లచీర, ఆ తర్వాత గడియారం చూసుకుంటున్న బేబీ సిస్టర్ గారు.

"ఎనిమిది దాటి నాలుగు నిమిషాలైంది దేవేంద్రా."

అంతటితో పోతే బాగుండేది. నెల తిరక్కుండా నా ప్లాస్టిక్ స్టూలు ఆమెదైపోయింది. సాయంత్రం ఐదు కాగానే వచ్చి కూర్చునేది. వచ్చిన ప్రతి బేరగాడి ఫోనూ చేతిలోకి తీసుకుని, నాడి పట్టుకున్నంత శ్రద్ధగా బేలన్సు చూసేది.

"ఎంతకేయిస్తన్నావు నాయినా?"

"రెండొందలకండీ."

"రోజుకి ఎంతమందితో మాట్లాడతావు?"

ఆ కుర్రాడు సిగ్గుపడ్డాడు.

"ఒక్కలితోనేనా?"

"ఒక్కలితోనేనండీ."

"ఆ పిల్లది ఏ కంపెనీ?"

చెప్పాడు. ఇద్దరిదీ ఒకటే.

"అయితే రెండొందలెందుకురా, ముప్పై రెండు రూపాయల పేకేజీ సాలు. నీ పాతది ఎప్పుడు అయిపోతాది?"

"శుక్రవారమండీ."

"శనివారం రా."

రెండొందలు తెచ్చినవాడు రెండొందలతోనే వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఆమెకు దండం కూడా పెట్టాడు. నాకు పెట్టలేదు.

మాకు రీచార్జి సొమ్ము సరఫరా చేసే ఏజెన్సీ మనిషి సోములు. ప్రతి నెలాఖరుకీ వచ్చి నా అమ్మకాలు చూసి జుట్టు పీక్కునేవాడు. "ఏటన్నా, ఈదిలో అందరి షాపులూ ఆడతన్నాయి, నీదొక్కటే ఇలగున్నాదేటి?" నేను స్టూలు వైపు చూపించేవాణ్ని. ఒకసారి ధైర్యం చేసి ఆమెతో మాట్లాడబోయాడు. పది నిమిషాల తర్వాత చూస్తే, సోములు ఫోను ఆమె చేతిలో ఉంది. రీచార్జి కంపెనీ మనిషి ఫోనులోనే నెలకి అరవై రూపాయలు ఏదో జోకుల సర్వీసు పేరుతో పోతున్నాయట. ఏడాదిన్నరగా.

"ఒక్క జోకైనా సదివేవా?" అని అడిగింది.

"లేదమ్మా."

"మరైతే నవ్వకండా డబ్బులెందుకు కట్టేవు?"

ఆ నెల సోములు నన్నేమీ అనలేదు.

వాళ్ల చర్చిలో జరిగింది పాస్టరు కృపారావుగారు స్వయంగా చెబితే తెలిసింది. ఒక ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ బేబీ సిస్టర్ లేచి, అడక్కుండా పెట్టిన పాటకి కంపెనీవాళ్లు కోసేసిన ముప్పై రూపాయలూ ప్రభువు దయవల్ల తిరిగొచ్చాయని సాక్ష్యం చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. అక్కడితో కూర్చోవచ్చు. కూర్చోలేదు.

"మన పాస్టరుగారి ఫోనుకీ ఎవలో పాట ఎట్టేసినారు. ఫోన్ సేసినోలికి ఇనబడతాది గానీ ఆయనకి ఇనబడదు. మూడు నెలల నుంచి మనందరం ఇంటన్నాం. మొహమాటానికి ఎవలూ సెప్పలేదు. వానలో తడిసే పాట."

సోమవారం పొద్దున్నే పాస్టరుగారు షాపుకొచ్చారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "దేవేంద్రా, నా ఫోనులో ఏదో ఉన్నాదట నాయనా, తీసెయ్యి" అన్నారు. "మూడు నెలల నుంచి ప్రార్థన కోసం ఫోన్ చేసినవాళ్లు నవ్వాపుకుంటూ మాట్లాడుతుంటే, ఆత్మలో సంతోషం అనుకున్నాను."

ఇవన్నీ భరించవచ్చు. భరించలేనివి మిగిలిపోయిన నిమిషాలు. ప్యాకు రేపు అయిపోతుందనగా నిమిషాలు మిగిలితే ఆమెకు నిద్ర పట్టేది కాదు. నాకు ఫోన్ చేసేది, వెనక సందులోంచి.

"దేవేంద్రా, బాగున్నావా?"

"ఇప్పుడే కదా సిస్టరమ్మా ఇక్కణ్ణుంచి లేచి వెళ్లారు!"

"ఇంకా ఇరవై రెండు నిమిషాలున్నాయి. మాట్లాడు."

"ఏం మాట్లాడమంటారు?"

"ఏదో ఒకటి. మీ అమ్మ మోకాలు ఎలగున్నాది?"

నేను ఫోను బల్ల మీద పెట్టి, బేరాలు చూసుకుంటూ, నిమిషానికోసారి వంగి 'ఊఁ' అనేవాణ్ని.

నాకు అసలు మండేది మరోదానికి. స్టూలు మీద కూర్చుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, రోజూ పది పన్నెండు మందికి ఫోన్ చేసేది. ఒక్కొక్కరితో నిమిషం. అందరితో అదే మాట.

"ఏసుకున్నావా?... ఎన్ని మిగిలినాయి?... మధ్యలో ఆపేవంటే సూడు, ఏసినవన్నీ దండగైపోతాయి. రేపు మళ్లీ సేస్తాను."

ఊళ్లోవాళ్ల రీచార్జీల గోల ఈవిడకెందుకని పళ్లు నూరుకునేవాణ్ని. నా షాపులో కూర్చుని, ఎవరెవరికో ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కలడగడం! ఒకరోజు ఉండబట్టలేక అనేశాను.

"సిస్టరమ్మా, ఎవడి ప్యాకు వాడు చూసుకోలేడా?"

"సూసుకోడు. మనిషి కాసింత బాగుంటే సాలు, మధ్యలో వదిలేస్తాడు."

అని, నన్ను కూడా వదిలేసేవాళ్ల జాబితాలో వేసినట్టు చూసింది.

సెప్టెంబరు నెలాఖరు. సోములు వచ్చి, ఈ నెల కూడా అమ్మకాలు ఇలాగే ఉంటే కమీషన్ రేటు తగ్గించేస్తారని చెప్పి వెళ్లాడు. నాకు తిక్కరేగింది. బేబీ సిస్టర్ గారి ఫోనుకి మూడు నెలల పెద్ద ప్యాకు నా చేతి డబ్బుతో వేసేస్తే? నా అమ్మకం కొంత పెరుగుతుంది. మూడు నెలలపాటు ఆమె స్టూలు ఖాళీగా ఉంటుంది. ఆమెకూ లాభమే. ఎవరికీ నష్టం లేదు. శనివారం సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాక, ఆమె నెంబరు కొట్టి, పెద్ద ప్యాకు వేసి, నా తెలివికి నేనే మురిసిపోతూ మా ఆవిడ ఈశ్వరిని తీసుకుని భోగాపురంలో అత్తవారింటికి వెళ్లిపోయాను.

ఆదివారం మా వీధిలో షాపులన్నిటికీ సెలవు, మేం అక్కడే ఉన్నాం. సోమవారం బంద్. ఆ ఏడాది మాకు పనిరోజుల కన్నా బంద్‌లే ఎక్కువ, ఊళ్లో ఒక్క షట్టరూ లేవలేదు. మంగళవారం పొద్దున్న వచ్చేసరికి బేబీ సిస్టర్ గారు షాపు మెట్టు మీద కూర్చుని ఉంది. గడియారం చూసుకోవడం లేదు. అది చూసి మొదటిసారి నాకు భయం వేసింది.

"నా ఫోనుకి ఏదో ఏసేవా దేవేంద్రా?"

"మూడు నెలల ప్యాకు సిస్టరమ్మా. మీకు బహుమతిగా..."

"నా పాతదాంట్లో నూట ఇరవై నిమిషాలుండేవి. నీది రాగానే అవి పోయినాయి. నీది ఒక్క కంపెనీకే పనిసేస్తాదట. నాకు కావలసినోలందరివీ వేరే కంపెనీలు. బేలన్సులో ఉన్న తొమ్మిది రూపాయలూ ఆదివారం పొద్దున్నకే అయిపోయినాయి."

తిక్కలో ఆమె పాత ప్యాకు సంగతే నేను మర్చిపోయాను. తిట్టడం మొదలుపెడుతుందని తల వంచుకున్నాను.

"ముందు యాబై రూపాయల బేలన్సు ఎయ్యి. తర్వాత తిడతాను."

వేశాను. వెయ్యగానే నెంబరు నొక్కింది.

"పక్కింటోల ఫోను తీసుకుని అందరికీ సేసేను. ఎల్లాజీ ఒక్కడే ఎత్తలేదు. ఆడు తెలీని నెంబరు ఎత్తడు." అవతల ఎవరో ఎత్తారు. "ఒరే ఎల్లాజీ! ఏసుకున్నావా?... ఏటా గోల? ఎక్కడున్నావు?... స్టేషన్లో ఏటి పని నీకు?... ఒరే, ఒరే!"

ఫోను పెట్టేసి లేచింది.

"బండి తియ్యి. ఆమదాలవలస. మద్రాసు బండికి గంట టైమున్నాది."

అరసవల్లి రోడ్డు నుంచి ఆమదాలవలస స్టేషనుకి నా పాత మోపెడ్ మీద, వెనక బేబీ సిస్టర్ గారిని ఎక్కించుకుని వెళ్లడమంటే ఏమిటో అనుభవించినవాడికే తెలుసు. ముందు చక్రం నేలని అప్పుడప్పుడు తాకుతోంది. ఏటి వంతెన దాటాక ఇంక ఆగలేక అరిచాను.

"ఎవడో రీచార్జి వేయించుకోకపోతే మనం స్టేషనుకి వెళ్లడమేంటి సిస్టరమ్మా?"

"రీసార్జి కాదురా! మాత్రలు!"

"ఏం మాత్రలు?"

"టీబీ మాత్రలు!"

బండి కాస్త పక్కకి వెళ్లి, ఒక మేకను తప్పించి, మళ్లీ రోడ్డెక్కింది.

"ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గిపోతాది. ఒంటికి కండ వస్తాది. బాగైపోయేననుకుని వదిలేస్తారు. వదిలేస్తే రోగం మళ్లీ లేస్తాది, అప్పుడు ఈ మందులకి లొంగదు. ఆసుపత్రిలో అలగ పోయినోలని ఎంతమందిని సూసేనో నాకే తెలుసు. ఎల్లాజీకి నాలుగు నెలలైంది. ఇంకా రెండున్నాయి."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"సెప్పితే? ఎవలికి జబ్బో తెలిస్తే అద్దింట్లో ఉండనిస్తారా? పన్లోకి రానిస్తారా? అందుకే నీ షాపులో కూకుంటన్నాను. అక్కడ 'ఏసుకున్నావా, ఎన్ని మిగిలినాయి' అంటే ఎవలూ తిరిగి సూడరు. ఈ మాట నీ నోట్లోంచి బయటికొచ్చిందా, దేవేంద్రా..."

ఏం చేస్తుందో చెప్పలేదు. వెనకనుంచి నా భుజం మీద పడిన చెయ్యి చెప్పింది.

నాకు ఒక్కసారిగా ఆ పది పన్నెండు ఫోన్లూ చెవిలో మోగాయి. నేను పళ్లు నూరిన ప్రతి 'ఏసుకున్నావా' కూడా. పింఛను డబ్బులో నిమిషం నిమిషం పొదుపు చేసి పన్నెండు మందికి రోజూ ఫోన్ చేస్తున్న మనిషి దాచుకున్న నూట ఇరవై నిమిషాల్ని నేను బహుమతిగా తగలేశాను.

ప్లాట్‌ఫారం మీద చినబాబు మేస్త్రి, అతని చుట్టూ మూటాముల్లెలతో ఇరవైమంది కూలీలు. మద్రాసులో కట్టుబడి పని. ఆ గుంపులో సన్నగా, పొడుగ్గా, కొత్త చొక్కా వేసుకుని నలభయ్యేళ్ల ఎల్లాజీ నిలబడి ఉన్నాడు. ఆమెను చూడగానే మూట వెనక్కి దాచుకున్నాడు, మూటలోనే తను ఉన్నట్టు.

"ఎక్కడికిరా?"

"నాకు బాగానే ఉన్నాదమ్మా. రెండ్రోజుల నుంచి మీరు ఫోన్ సెయ్యలేదు. అమ్మ తిట్టడం మానేసింది కదా, ఇంక తగ్గిపోయిందేమో అనుకున్నాను."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

ఆమె నోరు తెరిచి మళ్లీ మూసింది. చుట్టూ ఇరవైమంది చూస్తున్నారు. జబ్బు పేరెత్తితే ఎల్లాజీని ఈ మేస్త్రే కాదు, ఏ మేస్త్రీ పనిలోకి పిలవడు. ఆమె రెండడుగులు ముందుకేసింది. తర్వాత గట్టిగా అంది.

"ఎల్లాజీ, నీ పేకేజీ ఇంకా రెండు నెలలున్నాది."

ఎల్లాజీ నేలవైపు చూశాడు.

"నాలుగు నెలలు ఏసుకున్నావు. మధ్యలో వదిలేస్తే ఏసిందంతా పోతాది. మళ్లీ మొదట్నుంచి ఏసుకోవాలి. అప్పుడు ఆ పేకేజీ పనిసెయ్యదు. నిన్ను బతికించే పేకేజీ ఇంకోటి దొరకదురా."

చినబాబు మేస్త్రి ముందుకొచ్చాడు. "ఏటమ్మా మీరు? ఫోను పేకేజీ కోసం కూలి మానుకోమంటారేటి? ఆడికి మద్రాసులో కొత్త సిమ్ము నాను కొనిస్తాను!"

"నువ్వు కొనిచ్చేది కాదు బాబూ అది."

"ఎంతమ్మా ఆ పేకేజీ? నూరా? రెండొందలా?"

"నీకు అర్థం కాదు."

కూలీలు నవ్వారు. ఒకడు "పెద్దమ్మకి ఎండ దెబ్బ తగిలినట్టుంది" అన్నాడు. ఆమె వినలేదు. ఎల్లాజీ ముఖంలోకే చూస్తోంది. రైలు కూత వినిపించింది. మూటలు లేస్తున్నాయి. నేను అనవసరంగా ఎల్లాజీ చొక్కా అంచు పట్టుకున్నాను.

"నిజంగా మొత్తం పోతాదా అమ్మా?" అన్నాడు ఎల్లాజీ, మెల్లిగా.

"మొత్తం పోతాది నాయినా."

బండి ఆగింది. అందరూ ఎక్కారు. ఎల్లాజీ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు చూసి బేబీ సిస్టర్ గారు అక్కడున్న సిమెంటు బల్ల మీద కూలబడింది. కదులుతున్న బండి తలుపు దగ్గర నిలబడి చినబాబు మేస్త్రి అరిచాడు. "సెల్లు పేకేజీ కోసం రైలు వదిలేసినోణ్ని నిన్నే సూసేన్రా ఎల్లాజీ!"

ఆ రైల్లో విజయవాడ దాకా ఇదే కబురు నడిచి ఉంటుంది.

బల్ల మీంచి లేచాక ఆమె నాకేసి తిరిగింది. "ఇప్పుడు తిడతాను" అని, చెప్పిన మాట ప్రకారం తిట్టింది. ప్లాట్‌ఫారం ఈ చివర్నుంచి ఆ చివరికి. ఆఖర్న, "తప్పు నీది. ఈడికి రెండు నెలలు కష్టం లేని పని సూడు" అంది. ఎచ్చెర్లలో మా బావ ఇల్లు కట్టిస్తున్నాడు. సిమెంటు బస్తాలకి కాపలా కావాలి. ఎల్లాజీ ఆ సాయంత్రమే అక్కడ మంచం వేసుకున్నాడు. ఆమె రోజూ ఫోన్ చేసింది, రోజూ తిట్టింది. డిసెంబరులో ఆసుపత్రిలో పరీక్ష చేసి ఏమీ లేదని రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని ఎల్లాజీ మద్రాసు వెళ్లాడు. కాగితం ఎందుకని నేనడిగితే, ఫొటో కట్టించుకుంటాడట.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం. షాపు నిండా బేరగాళ్లు. అందర్నీ తోసుకుంటూ ఒక మనిషి వచ్చి, బల్ల మీదికి వంగాడు. దవడలు లోపలికి పోయాయి. గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. చినబాబు మేస్త్రి.

"బాబూ, ఆరు నెలల పేకేజీ కావాల" అన్నాడు గుసగుసగా. "ఎల్లాజీ ఇక్కడికెల్లమన్నాడు. అమ్మగారేరి?"

నేను జవాబు చెప్పేలోగానే స్టూలు జరిగింది. బేబీ సిస్టర్ గారు అతని మొహం చూసింది, మెడ చూసింది, చొక్కా వదులు చూసింది. చుట్టూ ఉన్నవాళ్లను చూసి గొంతు మార్చింది.

"సిగ్నలు ఎన్నాళ్ల నుంచి బాలేదు బాబూ?"

"నెలన్నర అయిందమ్మా. రాత్రులు మరీనీ."

"రేపు పొద్దున్న నాతో రా. ముందు టెస్టు సేసి సూడాల. ఆ పేకేజీ అందరికీ ఎయ్యరు. అవసరమైతేనే."

"ఎంతవుతాదమ్మా?"

"ఊరికినే. సర్కారోడిస్తాడు. నువ్వు సెయ్యాల్సిందల్లా, నాను ఫోన్ సేస్తే ఎత్తడం."

మేస్త్రి కళ్లు తుడుచుకుని, పాత పొగరు కొంచెం తెచ్చుకుని, "మరి ఎత్తకపోతే?" అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది.

"దేవేంద్రా, బండిలో పెట్రోలున్నాదా?"